ఫోన్‌లో పాట బాగా వినిపించాలంటే: ఈక్వలైజర్ సెట్ చేసుకునే పద్ధతి

పాటలోని కింది, మధ్య, పై శబ్దాలను విడివిడిగా పెంచి తగ్గించే స్లైడర్ల సెట్టింగే ఈక్వలైజర్. దాన్ని తెరవగానే చాలామంది చేసే పని ఒక్కటే. ఎడమవైపు ఉన్న రెండు స్లైడర్లను పైదాకా తోసి, కుడివైపు చివరిదాన్ని కూడా కొంచెం లేపి, వెనక్కి వచ్చేస్తారు. మొదటి పాట దుమ్ము లేపుతుంది. కాసేపటికి చెవులు బరువెక్కుతాయి, డప్పు దెబ్బల కింద పాడేవాళ్ల గొంతు నలిగిపోతుంది. గొంతు వినపడటం లేదని వాల్యూమ్ పెంచుతారు, పెంచగానే గరగర మొదలవుతుంది. చివరికి "ఈ ఇయర్‌ఫోన్స్ వేస్ట్" అని తేల్చేస్తారు. ఇయర్‌ఫోన్స్‌లో లోపం ఉంటే ఉండొచ్చు గానీ, ముందు అనుమానించాల్సింది ఆ పైకి తోసిన స్లైడర్లనే.

ఈక్వలైజర్‌తో చేయాల్సింది ఎక్కువగా తగ్గించే పని. ఏ శబ్దం మిగతావాటిని కప్పేస్తోందో పట్టుకుని దాన్ని కిందికి దించితే, మరుగున పడ్డవన్నీ వాటంతట అవే బయటికి వస్తాయి. కింద చెప్పే పద్ధతంతా దీని మీదే నడుస్తుంది. ఉదాహరణలకు మన వరంగల్, కరీంనగర్ వైపు జనం ఫోన్లలో ఉండే పాటలే తీసుకుంటాను: మేడారం పాటలు, బతుకమ్మ పాటలు, ఒగ్గు కథలు, బారాత్‌లో మోగే డీజే ఫోక్. ఫోన్‌లో ముందే ఉండే రాక్, జాజ్, హిప్‌హాప్ ప్రీసెట్లలో (రెడీమేడ్ సెట్టింగ్‌లలో) వీటికి సరిగ్గా అతికేది దొరకడం కష్టం.

ఈక్వలైజర్ జోలికి పోయే ముందు

పాట పెట్టి, చెవిలో ఉన్న రెండు ఇయర్‌బడ్స్‌నూ వేలితో మెల్లగా లోపలికి నొక్కి పట్టుకోండి. నొక్కగానే బాస్, అంటే డప్పు దెబ్బ లాంటి కింది శబ్దం, ఒక్కసారిగా పెరిగి, వేలు తీయగానే మళ్లీ పలచబడిందా? అయితే మీ సమస్య ఈక్వలైజర్‌ది కాదు, రబ్బర్లది. చెవికీ రబ్బరుకీ మధ్య సందు ఉంటే ముందు బయటికి పోయేది కింది శబ్దాలే. డబ్బాలో సాధారణంగా మూడు సైజుల రబ్బర్లు ఇస్తారు, మధ్య సైజు తొడిగి ఉంటుంది, మిగతావి డబ్బాతో పాటే అటక మీదికి పోతాయి. వాటిని తీసి పెద్దది ఒకసారి, చిన్నది ఒకసారి పెట్టి చూడండి. రెండు చెవులకూ ఒకే సైజు పట్టాలని కూడా లేదు. మంటకు కాపని డప్పును ఎంత గట్టిగా కొట్టినా ఖంగుమనదు. చెవిలో సరిగ్గా కూర్చోని ఇయర్‌బడ్‌కు ఎంత బాస్ పెంచినా అంతే.

తర్వాత పాట ఎక్కడి నుంచి వస్తోందో చూడండి. యూట్యూబ్ మ్యూజిక్‌లో పాట నాణ్యత "లో" అంటే 48 కేబీపీఎస్ (సెకనుకు వచ్చే డేటా లెక్క, ఎక్కువైతే నాణ్యత ఎక్కువ), నార్మల్ 128, హై 256. స్పాటిఫైలో డబ్బు కట్టకపోతే 160 దాకా, కడితే 320, ఆపైన కూడా వస్తుంది. డేటా ఆదా కోసం "లో" పెట్టుకున్న సంగతే మరచిపోయినవాళ్లు చాలామంది. అయిదు నిమిషాల పాట 256లో వింటే 10 ఎంబీ కూడా కాదు, ఇప్పటి డేటా ప్యాకులకు అదొక లెక్కే కాదు. ఇక జాతరలో ఎవరో ఫోన్‌తో తీసి వాట్సాప్‌లో వీడియోగా పంపింది, అది నాలుగు గ్రూపులు తిరిగి మీ దాకా వచ్చింది అనుకోండి, అందులో పోయిన పై శబ్దాలు మళ్లీ రావు. లేని చోట అన్నిటికన్నా కుడివైపున్న 14 కిలోహెర్ట్జ్ స్లైడర్ పెంచితే పెరిగేది గాలి చప్పుడూ సీసీమనే గోలా మాత్రమే.

బ్లూటూత్ వాడేవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. బ్లూటూత్ సెట్టింగ్స్‌లో మీ ఇయర్‌బడ్స్ పేరు పక్కనున్న గేర్ గుర్తు నొక్కితే, చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో హెచ్‌డీ ఆడియో అనో, ఏఏసీ, ఎల్‌డాక్ అనో (బ్లూటూత్‌లో పాటను మెరుగ్గా పంపే పద్ధతుల పేర్లు) ఒక బటన్ కనిపిస్తుంది. అది ఆఫ్‌లో ఉంటే ఆన్ చేసి విని చూడండి. ఫోన్ కాల్ అయిపోయాక పాట ఒక్కసారిగా డొక్కు రేడియోలో వచ్చినట్టు మారితే, ఇయర్‌బడ్స్ ఇంకా కాల్ మోడ్‌లోనే ఇరుక్కున్నాయన్నమాట. బ్లూటూత్ ఆపి మళ్లీ కలపండి, సరిపోతుంది.

ఈక్వలైజర్ ఎక్కడుంటుంది

శాంసంగ్‌లో సెట్టింగ్స్, సౌండ్స్ అండ్ వైబ్రేషన్, సౌండ్ క్వాలిటీ అండ్ ఎఫెక్ట్స్ అనే వరుసలో వెళ్తే దొరుకుతుంది. రెడ్‌మీ, పోకోల్లో సౌండ్ సెట్టింగ్స్ కింద సౌండ్ ఎఫెక్ట్స్ అని ఉంటుంది. మిగతా కంపెనీల ఫోన్లలో పేరూ చోటూ మోడల్‌ను బట్టి మారుతుంటాయి, వెతుక్కుంటూ కూర్చోవడం కన్నా సెట్టింగ్స్ పైనున్న సెర్చ్‌లో ఈక్వలైజర్ అని ఇంగ్లిష్‌లో టైప్ చేయడం నయం. అక్కడా లేకపోతే మీరు వాడే యాప్‌లోనే ఉండొచ్చు. స్పాటిఫైలో ప్లేబ్యాక్ సెట్టింగ్స్‌లో ఉంది. మెమరీ కార్డులో పాటలు పెట్టుకుని వినేవాళ్లకు వీఎల్‌సీ ఉచితం, అందులో 10 బ్యాండ్ల (అంటే 10 స్లైడర్ల) ఈక్వలైజర్, పాట మొత్తాన్ని ఒకేసారి పెంచి దించే ప్రీయాంప్ రెండూ ఉంటాయి. ఐఫోన్‌లో సెట్టింగ్స్‌లో మ్యూజిక్ యాప్ కింద ఈక్యూ అని ఉంటుంది. అక్కడ స్లైడర్లు ఉండవు, రెడీమేడ్ ప్రీసెట్లలో ఒకటి ఎంచుకోవడమే, అదీ యాపిల్ మ్యూజిక్ యాప్‌లో వినే పాటలకే పనిచేస్తుంది.

ఒకచోటే మార్చండి. ఫోన్‌లో డాల్బీ సౌండ్ ఎఫెక్ట్ ఆన్, ఇయర్‌బడ్స్ కంపెనీ యాప్‌లో బాస్ బూస్ట్ ఆన్, పాటల యాప్‌లో ఇంకో ఈక్వలైజర్ ఆన్ అంటే, ఒకదాని మీద ఒకటి పడి ఏది ఏం చేస్తోందో తెలియదు. అన్నీ ఆపేసి ఒక్కటే ఉంచండి. నన్నడిగితే ఫోన్‌దే ఉంచుకోండి, చాలా ఫోన్లలో అది అన్ని యాప్‌లకూ వర్తిస్తుంది.

ఏ స్లైడర్ ఏం చేస్తుంది

శబ్దం సెకనుకు ఎన్నిసార్లు కంపిస్తుందో చెప్పే లెక్క హెర్ట్జ్, అంకె చిన్నదైతే కింది శబ్దం, పెద్దదైతే పై శబ్దం. మనిషి చెవికి 20 హెర్ట్జ్ నుంచి 20,000 హెర్ట్జ్ దాకా వినిపిస్తుందంటారు, వయసు పెరిగే కొద్దీ పైది తగ్గుతూ వస్తుంది. ఆండ్రాయిడ్‌లో మామూలుగా కనిపించే అయిదు స్లైడర్లు 60, 230, 910, 3.6 కె, 14 కె (కె అంటే వెయ్యి). వీటిని పుస్తకంలో చదివి గుర్తుపెట్టుకోవడం కన్నా చెవితో పట్టుకోవడం తేలిక.

బాగా రికార్డ్ చేసిన డప్పు పాట పెట్టండి. కుడిచేతి సిర్ర పడ్డప్పుడు ఛాతీలో తగిలే దెబ్బకు కింది రెండు స్లైడర్లూ కారణం. ఎడమచేతి చిటికెన పుల్ల పడ్డప్పుడు వచ్చే ఠక్కుమనే అంచు 3.6 కె దగ్గర ఉంటుంది. ఇప్పుడు 3.6 కె పూర్తిగా కిందికి దించండి. దెబ్బ మిగులుతుంది, పుల్ల మాయమవుతుంది. డప్పు మెత్తటి దిండు మీద కొట్టినట్టు వినిపిస్తుంది. మళ్లీ సున్నాకు తెచ్చి, ఈసారి 60 దించి వినండి. పుల్ల మిగిలి, బరువు పోతుంది. ఈ రెండూ తేడాగా వినపడ్డాయంటే ఈక్వలైజర్ సగం వచ్చేసినట్టే.

గొంతుల సంగతికి వస్తే, బతుకమ్మ పాటలో ప్రతి చరణం చివరా వచ్చే "ఉయ్యాలో" మంచి పరీక్ష. పదిమంది ఆడవాళ్లు కలిసి సాగదీసి పాడే ఆ "లో" ముద్దలా ఉబ్బి, ఎవరి గొంతు ఏదో తెలియకుండా కలిసిపోతుంటే 230 ఎక్కువైందని అర్థం. ఆడవాళ్ల గొంతు మూల స్వరం మామూలుగా 165 నుంచి 255 హెర్ట్జ్ మధ్య ఉంటుంది, అంటే సరిగ్గా ఆ స్లైడర్ పట్టే చోటే. దాన్ని రెండు డెసిబెల్స్ (స్లైడర్ మీది అంకెలు ఇవే) దించితే గొంతులు విడివిడిగా నిలబడతాయి. మరీ దించితే పీలగా అవుతాయి, అక్కడ ఆగాలి.

"స" పరీక్షకు మేడారం పాట కన్నా మంచిది లేదు. సమ్మక్క, సారలమ్మ అని ప్రతి లైనులోనూ వస్తూనే ఉంటుంది. ఆ "స" పడ్డప్పుడల్లా చెవిలో సూదిలా గుచ్చుకుంటుంటే, 5 నుంచి 8 కిలోహెర్ట్జ్ మధ్య ఎక్కువగా ఉందన్నమాట. అయిదు బ్యాండ్ల ఈక్వలైజర్‌లో అక్కడ స్లైడర్ ఉండదు. 14 కెను రెండు మూడు, 3.6 కెను ఒకటి దించి చూడండి. శాంసంగ్‌లోలా 9 బ్యాండ్లుంటే 8 కె ఒక్కదాన్నే దించితే పనైపోతుంది. తక్కువ ధర ఇయర్‌బడ్స్‌లో ఈ గుచ్చుడు చాలా మామూలు. కొత్తలో దాన్నే క్లారిటీ అనుకుని మురిసిపోతాం.

అసలు పని

బాగా తెలిసిన ఒకే పాట ఎంచుకోండి, పని అయ్యేదాకా దాన్ని మార్చొద్దు. స్లైడర్లన్నీ సున్నా దగ్గర పెట్టండి. వాల్యూమ్ సగం కన్నా తక్కువే ఉంచండి, ఎందుకో ఇప్పుడే తెలుస్తుంది.

ఒక స్లైడర్‌ను పూర్తిగా పైకి లేపి, పది సెకన్లు విని, మళ్లీ సున్నాకు దించండి. తర్వాత రెండోది, మూడోది. అయిదింటినీ ఇలా లేపి చూస్తే, ఒకటో రెండో చోట్ల "అమ్మో, ఇదే, ముందు నుంచీ చెవిని సతాయిస్తున్నది ఇదే" అనిపిస్తుంది. బాగుందనిపించిన చోటు గుర్తుపెట్టుకోవద్దు, చిరాకు పుట్టిన చోటు పట్టుకోండి. ఆ స్లైడర్‌ను సున్నాకు కిందికి, మైనస్ 2 దాకా దించండి. చాలకపోతే మైనస్ 4. అంతకన్నా కిందికి దించాల్సి వస్తోందంటే ఆ ఇయర్‌ఫోన్స్‌తో కుస్తీ పడుతున్నట్టే.

రెండు స్లైడర్లు దించాక, ఈక్వలైజర్‌ను ఒకసారి ఆపి, మళ్లీ ఆన్ చేసి పోల్చండి. ఇక్కడ చెవి మనల్ని మోసం చేస్తుంది. రెండిట్లో ఏది కొంచెం గట్టిగా వినిపిస్తే అదే బాగున్నట్టు అనిపిస్తుంది. దించిన సెట్టింగ్ ఎలాగూ కాస్త చిన్నగా వస్తుంది కాబట్టి, ఆన్‌లో ఉన్నప్పుడు వాల్యూమ్ ఒక గీత పెంచి సమానం చేసి అప్పుడు పోల్చండి. ఈ చిన్న పని చేయకపోతే చేసిందంతా మళ్లీ పైకి తోసేస్తారు. షాపులో ఇయర్‌ఫోన్స్ టెస్ట్ చేసేటప్పుడు కూడా ఇది గుర్తుంచుకోండి, రెండు జతల్లో గట్టిగా మోగేదే అమ్ముడుపోతుంది.

అయినా కొంచెం బాస్ పెంచుకోవాలనే ఉందా, పెంచుకోండి, కానీ ముందు చోటు చేయాలి. డిజిటల్ పాటలో శబ్దం దాటలేని హద్దు ఒకటుంది, దాన్ని 0 డెసిబెల్ అంటారు. ఇప్పటి పాటలు, అందులోనూ డీజే మిక్స్‌లు, తయారయ్యేటప్పుడే ఆ హద్దును తాకుతూ ఉంటాయి. మీరు 60 హెర్ట్జ్‌ను 6 డెసిబెల్స్ లేపితే ఆ తరంగం ఎత్తు దాదాపు రెట్టింపవుతుంది. పైన చోటు లేక దాని కొనలు తెగుతాయి. మనం వినే గరగర ఆ తెగిన కొనలదే. కొన్ని ఫోన్లలో గరగర రాదు గానీ, డప్పు పడ్డప్పుడల్లా పాడేవాళ్ల గొంతు ఒక్క క్షణం కుంగి మళ్లీ లేస్తుంది. అది కూడా ఇదే రోగం.

మందు సులువు. ప్రీయాంప్ ఉంటే, ఎన్ని డెసిబెల్స్ పెంచారో అన్ని డెసిబెల్స్ దాన్ని దించండి. బాస్ 4 పెంచితే ప్రీయాంప్ మైనస్ 4. ప్రీయాంప్ లేని ఈక్వలైజర్ అయితే బాస్‌ను సున్నా దగ్గరే వదిలి, మిగతా నాలుగు స్లైడర్లనూ మైనస్ 3 చేయండి. చెవికి బాస్ పెరిగినట్టే ఉంటుంది, ఒక్క కొనా తెగదు. తగ్గిన వాల్యూమ్‌ను ఫోన్ బటన్‌తో పెంచుకోవచ్చు.

పాటను బట్టి మొదలుపెట్టే చోటు

ఇవి కొలిచి తెచ్చిన లెక్కలు కావు, ఇక్కడి నుంచి మొదలుపెట్టి మీ చెవికి, మీ ఇయర్‌ఫోన్స్‌కు తగ్గట్టు ఒకటి అటూ ఇటూ జరపండి.

డీజే ఫోక్‌కు 60 ప్లస్ 2, 230 మైనస్ 3, మిగతావి సున్నా, ప్రీయాంప్ మైనస్ 2. అసలు కిటుకు 230ని దించడంలో ఉంది. కింది దెబ్బకూ గొంతుకూ మధ్య ఖాళీ వస్తుంది, దెబ్బ బరువుగా ఉంటూనే మాట తెలుస్తుంది. ఇయర్‌ఫోన్స్ డబ్బా మీద ఎక్స్‌ట్రా బాస్ అని రాసి ఉంటే 60ని కూడా ముట్టుకోవద్దు, కంపెనీవాళ్లు ముందే పెంచి పంపారు.

బతుకమ్మ పాటల్లో చప్పట్లు ఉంటాయి, అవి 3.6 కె చుట్టుపక్కల చెవికి తగులుతాయి. మన చెవి 2 నుంచి 5 కిలోహెర్ట్జ్ మధ్యనే అన్నిటికన్నా చురుగ్గా ఉంటుంది, అందుకే చప్పట్లు ఎక్కువసేపు వింటే తల బరువెక్కుతుంది. 230 మైనస్ 2, 3.6 కె మైనస్ 2. అంతే.

ఒగ్గు కథ దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే ఎక్కువమంది దాన్ని ఫోన్‌లో రాత్రి పడుకునే ముందు గంటలకొద్దీ వింటారు, ఎక్కువ రికార్డింగులు ఊళ్లో పట్నాలేసిన (పూజకు రంగుల ముగ్గులు వేసిన) చోటే మైకు పెట్టి తీసినవి. డోలు మైకుకు దగ్గరగా, కథకుడు అటూ ఇటూ తిరుగుతూ, వెనకాల జనరేటరో గాలో ఉంటాయి. ఇక్కడ మనకు కావాల్సింది మాట. 60ని మైనస్ 6 దాకా నిర్భయంగా దించేయండి, మగ గొంతు మూల స్వరం మామూలుగా 85 నుంచి 180 హెర్ట్జ్ మధ్య ఉంటుంది, 60 దగ్గర కథకు పనికొచ్చేది ఏమీ లేదు, గాలి గుబగుబ తప్ప. 230 మైనస్ 3, దాంతో డోలు కొంచెం వెనక్కి పోతుంది. 910 అలాగే ఉంచండి. 3.6 కె ప్లస్ 2, అక్షరాల అంచులు అక్కడే తేలతాయి. 14 కె మైనస్ 3, తాళాల గలగలా టేపు చప్పుడూ తగ్గుతాయి. మొదటి నిమిషం పాట పలచబడినట్టు ఉంటుంది, రెండో నిమిషం నుంచి కథలోని ప్రతి మాటా అందుతుంది. ఇంట్లో పెద్దవాళ్లకు ఇదే సెట్టింగ్‌లో 3.6 కెను ఇంకో రెండు పెంచి ఇచ్చి చూడండి. వయసుతో ముందు తగ్గేది పై శబ్దాల వినికిడే, అందుకే వాళ్లు "వినిపిస్తుంది గానీ అర్థం కావట్లేదు" అంటుంటారు. శాంసంగ్ ఫోన్లలో అడాప్ట్ సౌండ్ అని ఒకటుంది, బీప్ శబ్దాలు వినిపించి ఒక్కో చెవికి ఎంత వినపడుతోందో చూసుకుని తనే సరిచేస్తుంది.

పాత సినిమా పాటలకు 14 కె దించడం తప్ప పెద్దగా చేసేదేమీ లేదు.

చోటును బట్టి

కాజీపేట నుంచి సికింద్రాబాద్ రైలెక్కినా, హనుమకొండ బస్టాండులో కరీంనగర్ బస్సెక్కినా, చక్రాల రొద, ఇంజిన్ రొద కింది శబ్దాలనే మింగేస్తాయి. ఇంట్లో సరిగ్గా ఉన్న సెట్టింగ్ అక్కడ పీలగా అనిపించడం సహజం. బస్సు కోసం విడిగా ఒక ప్రీసెట్ చేసి 60ని 3 పెంచి సేవ్ చేసుకోండి, ఇంటికొచ్చాక మార్చేయండి. రబ్బర్లు సరిగ్గా పట్టినవాళ్లకు ఇంత అవసరం కూడా రాదు.

రాత్రి చిన్న వాల్యూమ్‌లో వింటే బాస్ పోయినట్టు ఉండటానికి కారణం వేరే. శబ్దం తగ్గే కొద్దీ మన చెవి కింది స్వరాలను మరీ తక్కువగా పట్టుకుంటుంది. అమెరికాలో ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు 1933లోనే దీన్ని కొలిచి గ్రాఫులు గీశారు. కాబట్టి రాత్రి 60 ప్లస్ 3, 14 కె ప్లస్ 1 పెట్టుకోవడం తప్పేమీ కాదు, వాల్యూమ్ తక్కువే కాబట్టి చెవికి భారం లేదు. ఐఫోన్‌లో లేట్ నైట్ అనే ప్రీసెట్ ఈ అవసరానికే ఉంది.

ఫోన్ స్పీకర్‌కు పూర్తిగా వేరే లెక్క. వంటింట్లోనో, షాపు గల్లా పక్కనో పెట్టి వినే ఆ చిన్న స్పీకర్ 60 హెర్ట్జ్‌ను పలకలేదు, ఎంత పెంచినా ఫోన్ వణుకుతుంది తప్ప శబ్దం రాదు. దాన్ని అడుగుదాకా దించండి, 230 మైనస్ 2, 910 ప్లస్ 2. విచిత్రంగా గొంతు తేటపడుతుంది, వాల్యూమ్ కూడా పెరిగినట్టుంటుంది. స్టీలు గ్లాసులో ఫోన్ నిలబెట్టే అలవాటు ఉంటే మానుకోండి, గట్టిగా మోగుతుంది గానీ గొంతంతా గుయ్‌మంటుంది. అడుగు స్పీకర్ గోడవైపు తిప్పి, గోడకు జానెడు దూరంలో బల్ల మీద పెట్టండి. స్పీకర్ జాలీలో పేరుకున్న దుమ్మును పొడి బ్రష్‌తో దులపండి, పిన్నుతో పొడవొద్దు.

ఎంతసేపు, ఎంత గట్టిగా

ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు చెప్పే హద్దు వారానికి 40 గంటలు, 80 డెసిబెల్స్ దగ్గర (ఇది చెవికి చేరే శబ్దం కొలత, స్లైడర్ మీది అంకెలు కావు). పిల్లలకు 75. శబ్దం 3 డెసిబెల్స్ పెరిగినప్పుడల్లా సమయం సగం అవుతుంది, 90కి చేరితే వారానికి 4 గంటలే. బాస్ పెంచిన సెట్టింగ్‌తో గొంతు అందక వాల్యూమ్ లేపేవాళ్లు తెలియకుండానే అక్కడికి చేరుకుంటారు. విన్న తర్వాత చెవిలో గుయ్‌మని మోత మిగిలితే ఆ రోజుకు ఆపేయాలి.

సెట్టింగ్ కుదిరాక దాన్ని పేరు పెట్టి సేవ్ చేయండి: బస్సు, రాత్రి, కథ, స్పీకర్. పేర్ల వెనక ఇయర్‌ఫోన్స్ పేరు కూడా కలపండి, ఎందుకంటే ఒక జతకు సరిపోయిన సెట్టింగ్ ఇంకో జతకు పనికిరాదు. మర్నాడు పొద్దున చెవులు తాజాగా ఉన్నప్పుడు మళ్లీ అదే పాట వినండి. ఏ స్లైడరైనా ఒక డెసిబెల్ ఎక్కువ తక్కువ అనిపిస్తే సరిచేసి, ఇక దాన్ని కదపకుండా ఒక వారం వదిలేయండి. కొత్త ఇయర్‌ఫోన్స్ కొన్న రోజు మాత్రం అన్నిటినీ సున్నాకు తెచ్చి, వేలితో నొక్కి చూసే దగ్గర నుంచి మళ్లీ మొదలుపెట్టండి.